నెట్‌వర్కింగ్ పనికి కావలసిన లెక్కలు: కాగితం మీద నేర్చుకునే పద్ధతి

శ్రీకాకుళంలో నా దగ్గర నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎక్కువగా టెక్కలి, ఆమదాలవలస, రాజాం, చీపురుపల్లి వైపు నుంచి వస్తారు. డిప్లొమానో, బీఎస్సీనో, ఐటీఐనో పూర్తిచేసి ఉంటారు. మొదటి రోజు వారిలో చాలామందిని పట్టి పీడించే భయం పరికరాల గురించి కాదు, లెక్కల గురించి. ఒకసారి ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, "మావోడికి లెక్కలంటే బయ్యం బాబూ, ఈ పనికి పనికొత్తాడేటి?" అని అడిగారు. ఆమెకు ఆ రోజు చెప్పిన మాటనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ పనికి కలనగణితం అక్కరలేదు, త్రికోణమితి అక్కరలేదు. పదో తరగతి వరకు చదివిన కూడికలు, హెచ్చవేతలు, ఘాతాలు, నిష్పత్తులు, శాతాలు చాలు. అయితే అవి నోటికి వచ్చినట్టు చేతికి రావాలి, ప్రతి సంఖ్య పక్కన దాని ప్రమాణం తప్పకుండా ఉండాలి.

ఇంకొక నియమం కూడా మొదటి రోజే పెట్టుకోవాలి. పరికరాన్ని ముట్టుకునే ముందు రావలసిన సమాధానాన్ని కాగితం మీద రాసుకోవాలి. స్పీడ్ ఎంత చూపించాలో, పవర్ మీటర్ మీద ఎంత రావాలో, పింగ్ (కబురు అవతలికి పోయి రావడానికి పట్టే కాలం) ఎన్ని మిల్లీసెకన్లు ఉండాలో ముందే రాసుకున్నవాడికి, వచ్చిన సంఖ్య తేడాగా ఉన్నప్పుడు లోపం ఎక్కడుందో ఆ తేడాయే చూపిస్తుంది. ముందు ఏమీ రాసుకోనివాడికి తెర మీద కనిపించే ప్రతి సంఖ్యా సరైనదిగానే కనిపిస్తుంది.

రెండు యొక్క ఘాతాలు: లఘుగురువులతో మొదలుపెట్టండి

ద్విసంఖ్యామానం అనగానే అది కంప్యూటర్‌తో పుట్టిన కొత్త విద్య అనుకుంటారు కానీ, తెలుగు వాచకంలో ఛందస్సు చదివిన ప్రతి విద్యార్థీ దానిని అప్పటికే చేసి ఉన్నాడు. అక్షరం లఘువైనా కావాలి, గురువైనా కావాలి, మూడోది లేదు. మూడక్షరాలు తీసుకుంటే 2 × 2 × 2 = 8 రకాల అమరికలు వస్తాయి; అవే య, మ, త, ర, జ, భ, న, స గణాలు. తొమ్మిదో మూడక్షరాల గణం ఎందుకు లేదని ఎవరైనా అడిగితే, మూడు బిట్లతో (0 గానీ 1 గానీ పట్టే మూడు స్థానాలతో) తొమ్మిదో సంఖ్య ఎందుకు రాయలేమో చెప్పే సమాధానమే దానికీ సరిపోతుంది.

ఇంకొక అడుగు ముందుకు వేద్దాం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. గణాలు భ, ర, న, భ, భ, ర, వ. ఇరవై అక్షరాలతో 2 యొక్క 20వ ఘాతం, అంటే 10,48,576 వృత్తాలు సాధ్యం. ఛందశ్శాస్త్రంలో ఉత్పలమాలను ఆ వరుసలో 3,55,799వ వృత్తంగా చెబుతారు. ఈ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో మీరే లెక్కగట్టవచ్చు. గురువుకు 0, లఘువుకు 1 అని రాసుకోండి. మొదటి అక్షరం విలువ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8, ఇలా రెట్టింపు చేస్తూ పోండి. ఉత్పలమాలలో లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాలలో ఉంటాయి. వాటి విలువలు వరుసగా 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. వీటిని కూడితే 3,55,798 వస్తుంది. లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలవుతుంది కాబట్టి ఒకటి కలపాలి, 3,55,799 వస్తుంది. ఈ లెక్కను చేత్తో ఒక్కసారి చేసిన విద్యార్థి ఐపీ చిరునామా (నెట్‌వర్కులో ప్రతి పరికరానికీ ఉండే నంబరు) లెక్కకు మళ్లీ భయపడగా నేను చూడలేదు.

ఐపీ చిరునామాలో ఉండే తేడా ఒక్కటే: అక్కడ పెద్ద విలువ ఎడమవైపు ఉంటుంది. నాలుగు భాగాలలో ప్రతి భాగానికీ ఎనిమిది బిట్లు; వాటి విలువలు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. ఎనిమిదింటినీ కూడితే 255. అందుకే చిరునామాలో ఏ భాగమూ 255 దాటదు. ఈ ఎనిమిది సంఖ్యలను ఒక వరుసగా రాసి గోడకు అంటించుకోండి. 100 అనే సంఖ్యను విడగొట్టాలంటే 128 పట్టదు కాబట్టి 0, 64 పడుతుంది కాబట్టి 1, మిగిలిన 36లో 32 పడుతుంది కాబట్టి 1, మిగిలిన 4 కోసం 16కు 0, 8కి 0, 4కి 1, చివరి రెండింటికి 0, 0. అంటే 01100100. బజారులో వంద రూపాయలకు చిల్లర లెక్కపెట్టే పద్ధతే ఇది. పెద్ద నోటు ముందు, చిన్న నాణెం తరువాత.

హెక్సాడెసిమల్‌ను కూడా ఇక్కడే ముగించవచ్చు. నాలుగు బిట్లకు ఒక అంకె. 0 నుంచి 9 వరకు అంకెలు, 10 నుంచి 15 వరకు ఆరు అక్షరాలు. తయారీలోనే పరికరానికి ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామాకు 12 అంకెలు, కొత్త తరం 128 బిట్ల ఐపీవీ6 చిరునామాకు 32 అంకెలు. పదహారు అమరికలు కంఠస్థం చేస్తే సరిపోతుంది.

మాస్కు లెక్క: ఒక పూట వృథా అయిన సంగతి

సబ్‌నెట్ మాస్కు చేసే పని ఒక్కటే. చిరునామాలో ఎంతవరకు వీధి పేరో, ఎక్కడి నుంచి ఇంటి నంబరో చెప్పడం. 192.168.10.0 అనే నెట్‌వర్కులో 256 చిరునామాలున్నాయి. ఒక కళాశాలకు వీటిని పంచాలనుకుందాం: ల్యాబులో 60 సిస్టంలు, కార్యాలయంలో 28, సీసీ కెమెరాలు రికార్డరుతో కలిపి 12, రెండు భవనాల మధ్య లింకుకు 2. ఎప్పుడూ పెద్ద అవసరంతో మొదలుపెట్టాలి. చిన్నవి ముందు పంచితే పెద్దదానికి సరిహద్దు కుదరదు. 60కి పైన వచ్చే రెండు యొక్క ఘాతం 64. అందులో మొదటి చిరునామా నెట్‌వర్కుకు, చివరిది బ్రాడ్‌కాస్టుకు (అందరికీ ఒకేసారి పంపే కబురుకు) పోగా 62 మిగులుతాయి. గేట్‌వేతో (బయటి నెట్‌వర్కులకు దారి ఇచ్చే రూటరుతో) కలిపి 61 కావాలి కాబట్టి సరిపోతుంది. కాబట్టి ల్యాబుకు 0 నుంచి 63 వరకు, మాస్కు /26, అంటే 32 బిట్లలో మొదటి 26 వీధి పేరువి. కార్యాలయానికి 32 చిరునామాలు, 64 నుంచి 95 వరకు, మాస్కు /27. కెమెరాలకు 16, అంటే 96 నుంచి 111 వరకు, మాస్కు /28. లింకుకు 4, 112 నుంచి 115 వరకు, మాస్కు /30. మిగిలిన 116 నుంచి 255 వరకు భవిష్యత్తుకు ఉంటాయి. లెక్క ప్రకారం ఇది సరైనదే అయినా, ల్యాబుకు ఒక్క చిరునామా మాత్రమే మిగిలిందని గమనించండి. నిజమైన పనిలో నేనైతే ల్యాబుకు 128 ఇచ్చి మొదలుపెడతాను, ఎందుకంటే ఏ కళాశాలలోనూ సిస్టంల సంఖ్య తగ్గదు.

నేను పనిలో కొత్తగా ఉన్న రోజులలో విజయనగరంలో ఒక కళాశాలకు సరిగ్గా ఇలాంటి పంపకమే చేశాం. వారం తరువాత కార్యాలయం నుంచి ఫిర్యాదు వచ్చింది. ఒక సిస్టంలో ఇంటర్నెట్ వస్తోంది, పక్క సిస్టంలన్నీ అందుతున్నాయి, ప్రింటరు పనిచేస్తోంది, కెమెరాలు మాత్రం తెరుచుకోవడం లేదు. నేను ప్యాచ్ కార్డ్ మార్చాను. స్విచ్‌లో పోర్టు మార్చాను. కెమెరాల రికార్డరును ఆపి మళ్లీ వేశాను. ఉదయం పదింటికి మొదలుపెట్టిన పని మధ్యాహ్నం రెండయినా తెమలలేదు. చివరికి కాగితం తీసి రాసిన తరువాత ఐదు నిమిషాలలో దొరికింది.

ఆ సిస్టం చిరునామా చివర 66, రికార్డరుది 100. కార్యాలయానికి పెట్టవలసిన మాస్కు /27, అంటే మొదటి 27 బిట్లనూ 1గా రాస్తే 255.255.255.224. ఆ ఒక్క సిస్టంలో నేనే 255.255.255.192 అని పెట్టాను. ఇప్పుడు సిస్టం లోపల జరిగే ఆలోచనను అనుసరిద్దాం. రెండు బిట్లూ 1 అయినప్పుడే ఫలితం 1, లేకపోతే 0. ఇదే యాండ్ అనే క్రియ. సరైన మాస్కు 224, అంటే 11100000. 66, అంటే 01000010, దానితో కలిస్తే 01000000, అంటే 64. 100, అంటే 01100100, కలిస్తే 01100000, అంటే 96. 64 వేరు, 96 వేరు. కాబట్టి రికార్డరు వేరే వీధిలో ఉందని తెలుసుకొని సిస్టం ప్యాకెట్టును గేట్‌వేకు ఇస్తుంది. తప్పు మాస్కు 192, అంటే 11000000. దానితో 66 కూడా 64 అవుతుంది, 100 కూడా 64 అవుతుంది. రికార్డరు మా వీధిలోనే ఉందనుకొని సిస్టం గేట్‌వేను అడగకుండా వీధిలో కేకవేసి పిలుస్తుంది, పలికేవారు లేరు. ఇంటర్నెట్ చిరునామాలు ఏ మాస్కుతో చూసినా బయటివే కాబట్టి ఇంటర్నెట్ ఆగలేదు. కొన్ని రూటర్లలో ప్రాక్సీ ఏఆర్‌పీ అనే సదుపాయం ఇలాంటి తప్పును కప్పిపుచ్చుతుంది. అక్కడ అది లేనందువల్లే తప్పు బయటపడింది.

ఈ లెక్కను ప్రతిసారీ బిట్లలో రాయనక్కరలేదు. 256లోంచి మాస్కులోని చివరి భాగాన్ని తీసివేస్తే గుత్తి పరిమాణం వస్తుంది: 256 − 224 = 32. ఇక 0, 32, 64, 96 అని 32వ ఎక్కం చదువుతూ చిరునామా ఏ రెండింటి మధ్య పడిందో చూస్తే చాలు. ఇదే పద్ధతి మూడో భాగంలోనూ పనిచేస్తుంది. 172.16.37.200/20 అంటే మూడో భాగంలో మాస్కు 240, గుత్తి 16, 37 కంటే తక్కువలో ఉన్న 16 గుణిజం 32. కాబట్టి నెట్‌వర్కు 172.16.32.0, చివరి చిరునామా 172.16.47.255. అయితే ఈ దగ్గరిదారిని యాండ్ క్రియ అర్థమైన తరువాతే వాడండి. దగ్గరిదారి మాత్రమే నేర్చుకున్నవారు ఇంటర్వ్యూలో ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే ఆగిపోతారు. సిస్కో కంపెనీ నిర్వహించే సీసీఎన్ఏ పరీక్షలో క్యాలిక్యులేటర్‌ను అనుమతించరు కాబట్టి మొదటి నుంచీ చేత్తో చేయడమే మేలు.

బిట్టుకు, బైటుకు మధ్య ఎనిమిది

వేగాన్ని బిట్లలో, ఫైలును బైట్లలో కొలుస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 300 ఎంబీపీఎస్ (సెకనుకు 300 మెగాబిట్లు) ప్లాను తీసుకున్న వినియోగదారుడు డౌన్‌లోడ్ వేగం సెకనుకు 37 ఎంబీ (మెగాబైట్లు) దాటడం లేదని ఫోన్ చేస్తే, లైను సరిగ్గానే ఉందని 300 ÷ 8 = 37.5 అనే లెక్కతోనే చెప్పవచ్చు. 1000కి, 1024కి మధ్య తేడా ఇంకొక చిక్కు. హార్డ్‌డిస్కు తయారీదారు టెరాబైటును 1000 గుణిజాలలో లెక్కిస్తే విండోస్ 1024 గుణిజాలలో చూపిస్తుంది; అందుకే 1 టీబీ డిస్కు 931 జీబీగా కనిపిస్తుంది. అందులో మోసం ఏదీ లేదు.

సీసీ కెమెరాల పని ఈ జిల్లాలలో చాలా ఉంది కాబట్టి దాని లెక్కను తప్పక సాధన చేయాలి. ఒక కెమెరా 4 ఎంబీపీఎస్ పంపితే, రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 3,45,600 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 43,200 మెగాబైట్లు, అంటే 43.2 జీబీ. పది కెమెరాలకు 432 జీబీ. ముప్పై రోజులు దాచాలంటే 12.96 టీబీ. దుకాణదారు 4 టీబీ డిస్కు కొని నెల రోజుల రికార్డింగు కావాలంటే, తొమ్మిది రోజులకు మించి రాదని డిస్కు బిగించకముందే చెప్పగలగాలి.

నేను అన్నింటికంటే ఎక్కువసార్లు వాడిన సంఖ్య 94. ఈథర్నెట్‌లో ఒక పూర్తి ప్యాకెట్టుకు వైరు మీద 1538 బైట్ల స్థలం పడుతుంది. అందులో అసలు సరుకు 1460 బైట్లు. 1460ని 1538తో భాగిస్తే దాదాపు 0.949. కాబట్టి 100 ఎంబీపీఎస్ పోర్టు మీద ఎంత మంచి లైనైనా 94, 95 దగ్గర ఆగుతుంది. 300 ప్లాను ఉన్న ఇంటిలో స్పీడ్ టెస్టు కదలకుండా 94 చూపిస్తోందంటే, కంపెనీ వేగం తగ్గించలేదు, వైఫై పాడవలేదు. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, వందకు రెండు జతలు చాలు. ఏదో ఒక జత తెగి లేదా క్రింపింగ్ (తీగలను కనెక్టరులో నొక్కి బిగించడం) సరిగా పడక పోర్టు వందకు దిగిపోయింది. కనెక్టరు కోసి మళ్లీ వేయండి. 94 అనే సంఖ్య వెనుక ఉన్న భాగహారం తెలియని మనిషి రూటరు మార్చి, డబ్బు ఖర్చు పెట్టించి, చివరికి అదే 94 చూస్తాడు.

డెసిబెల్: కూడికగా మారిన హెచ్చవేత

ఫైబర్ పనిలోకి వెళ్లేవారికి సంవర్గమానం కావాలి అనగానే ముఖాలు వాడిపోతాయి. నిజానికి రెండే విషయాలు గుర్తుంచుకుంటే చాలు: 3 డీబీ తగ్గితే వెలుగు సగమవుతుంది, 10 డీబీ తగ్గితే పదో వంతవుతుంది. మిగతావన్నీ వీటిని కలిపి చేసుకోవచ్చు. 7 డీబీ అంటే 10 − 3. పదో వంతును రెట్టింపు చేస్తే ఐదో వంతు. డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డీబీ; మైనస్ 27 డీబీఎం అంటే మూడు పదులు తగ్గి 3 పెరిగింది. మిల్లీవాట్‌లో వెయ్యో వంతును రెట్టింపు చేస్తే 0.002 మిల్లీవాట్. ఇళ్లలో పెట్టే ఓఎన్‌యూ పెట్టెలలో ఎక్కువగా కనిపించే బీ ప్లస్ తరగతికి అదే చివరి హద్దు.

కేబుల్ వేయకముందే ఇంటి దగ్గర ఎంత పవర్ రావాలో ఇలా లెక్కగట్టండి. కంపెనీ వైపు ఉండే ఓఎల్‌టీ పెట్టె నుంచి +3 డీబీఎం బయలుదేరింది. 12 కిలోమీటర్ల ఫైబర్‌కు, కిలోమీటరుకు 0.35 చొప్పున 4.2. ఒకటికి ముప్పైరెండు స్ప్లిటర్‌కు (ఒక ఫైబర్ వెలుగును 32 దారులకు పంచే పరికరానికి) 17.5. నాలుగు కనెక్టర్లకు 0.5 చొప్పున 2. ఆరు స్ప్లైసులకు (ఫైబర్లను అతికిన చోట్లకు) 0.1 చొప్పున 0.6. మొత్తం నష్టం 24.3. కాబట్టి ఇంటి దగ్గర 3 − 24.3 = −21.3 రావాలి. ఇందులో 0.35 అనేది 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వాడే అంకె. ఇంటి వైపు వచ్చే 1490 నానోమీటర్ల వెలుగుకు నష్టం ఇంకా తక్కువ కాబట్టి, మీటరు కొద్దిగా మెరుగ్గా చూపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. స్ప్లిటర్ దగ్గరే ఎందుకంత పోయిందని అడిగితే, వెలుగును ఐదుసార్లు సగం చేశారు: 2, 4, 8, 16, 32. ఐదు మూళ్లు పదిహేను. మిగిలింది పరికరం సొంత నష్టం.

మీటరు −24.5 చూపించిందనుకోండి. పెట్టెలో పచ్చ దీపమే వెలుగుతుంది, ఇంటర్నెట్ వస్తుంది, "మూడే కదా తేడా" అని వదిలేసేవారు ఉన్నారు. ఆ మూడు అంటే రావలసిన వెలుగులో సగం దారిలో పోయింది. ఎక్కడో ఫైబర్ మడతపడి ఉంటుంది, లేదా కనెక్టరు ముఖం మీద దుమ్ము ఉంటుంది. ఈ రోజు దానిని వెతికితే అరగంట పని. వర్షాలలో అదే −28కి దిగిన రాత్రి వెతికితే ఎంత కష్టమో స్తంభం ఎక్కినవారికి తెలుసు.

వెలుగు నడక, కాలం, దూరం

గాజు ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2,04,000 కిలోమీటర్లు పోతుంది. శూన్యంలో వేగమైన 3,00,000ను గాజు వక్రీభవన గుణకం 1.468తో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. అంటే మైక్రోసెకనుకు 204 మీటర్లు. ఓటీడీఆర్ అనే పరికరం వెలుగును పంపి, తెగిన చోట తగిలి తిరిగి వచ్చే కాలాన్ని కొలుస్తుంది. పోయి రావాలి కాబట్టి మైక్రోసెకనుకు 102 మీటర్లే లెక్క. 83 మైక్రోసెకన్లకు ప్రతిధ్వని వస్తే తెగిన చోటు దాదాపు 8.47 కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇక్కడే కొత్తవారు పొరబడతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలి స్తంభాలతో పాటు కేబుళ్లనూ లాక్కుపోయాయి. అలాంటి రోజులలో ఓటీడీఆర్ చెప్పిన దూరాన్ని మోటారు సైకిలు మీటరుతో కొలుచుకుంటూ వెళ్లి, సరిగ్గా అక్కడ దిగి వెతికితే ఏమీ కనిపించదు. ఎందుకంటే పరికరం కొలిచింది ఫైబర్ పొడవును, రోడ్డు పొడవును కాదు. మరమ్మతుల కోసం దారిపొడవునా అదనపు కేబుల్ చుట్టలు వదులుతారు. 20 చోట్ల 15 మీటర్ల చొప్పున చుట్టలుంటే 300 మీటర్లు వాటిలోనే ఉన్నాయి; కాబట్టి తెగిన చోటు రోడ్డు మీద 8.47 దగ్గర కాక 8.17 దగ్గర ఉంటుంది. తీగ వేసేటప్పుడు ఏ స్తంభం దగ్గర ఎన్ని మీటర్ల చుట్ట వదిలారో నోటు పుస్తకంలో రాసి ఉంచిన జట్టు ఒక గంటలో పని ముగించి, రాయని జట్టు చీకటిపడే వరకు నడవడం నేను చూశాను.

పింగ్ లెక్క కూడా ఇదే. వంద కిలోమీటర్ల ఫైబర్‌కు పోయి రావడానికి సుమారు ఒక మిల్లీసెకను. శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకు రోడ్డు వెంట ఏడు వందల కిలోమీటర్ల పైనే కాబట్టి, ఆ దారిన వేసిన ఫైబర్ మీద ఏడు మిల్లీసెకన్ల కంటే తక్కువ రావడం అసాధ్యం. "హైదరాబాదు సర్వరు" 3 మిల్లీసెకన్లు చూపిస్తే అది హైదరాబాదులో లేదు, మధ్యలో దగ్గరలోనే ఎక్కడో దాని నకలు ఉంది. 60 చూపిస్తే దారి చుట్టు తిరుగుతోంది, లేదా ఎక్కడో క్యూ పేరుకుంది.

ఆలస్యం వేగాన్ని కూడా తింటుంది. డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే టీసీపీ అనే నియమావళిలో పాత పద్ధతి ప్రకారం ఒక విడతకు 65,535 బైట్లు పంపి జవాబు కోసం ఆగాలి. పోయిరావడానికి 40 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 25 విడతలే. 65,535 × 8 × 25 అంటే దాదాపు 13 ఎంబీపీఎస్. లైను వంద ఎంబీపీఎస్‌దైనా ఒక్క కనెక్షనుకు 13 దాటదు. ఈనాటి సిస్టంలు ఈ విడత పరిమాణాన్ని (విండోను) పెంచుకుంటాయి కానీ, పాత పరికరాలు మధ్యలో ఉన్నప్పుడు ఈ 13 మళ్లీ కనిపిస్తుంది.

రెండు లైన్లున్నా ఎందుకు ఆగుతుంది

సంభావ్యతలో కావలసినవి రెండు సూత్రాలే. ఒకదాని వెనుక ఒకటి ఉన్నవాటిని హెచ్చవేయాలి: లైను 99 శాతం, కరెంటు 99 శాతం అయితే రెండూ కలిసి 98.01 శాతమే. పక్కపక్కన ఉన్నవాటికి లోపాలను హెచ్చవేయాలి: ఒక్కొక్కటి 1 శాతం ఆగే రెండు లైన్లు ఒకేసారి ఆగే అవకాశం 0.01 శాతం. సంవత్సరానికి 8,760 గంటలు. ఒక లైనుతో 87.6 గంటల అంతరాయం, రెండు లైన్లతో 53 నిమిషాల లోపు. ఈ రెండో లెక్క చూపించి రెండు కనెక్షన్లు అమ్ముతారు.

అయితే ఆ హెచ్చవేత రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడయ్యేటప్పుడే చెల్లుతుంది. రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే వరుస స్తంభాల మీద వస్తుంటే గాలివానకు రెండూ కలిసే పడతాయి. అప్పుడు లెక్కలో అవి రెండు కావు, ఒకటే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ఈ తీరంలో ఈ ఒక్క విషయం తెలిసినవాడి సలహాకు చాలా విలువ ఉంది. ఆసుపత్రికైనా, బ్యాంకు శాఖకైనా రెండో లైను సిఫారసు చేసే ముందు రెండు కేబుళ్ల దారినీ కాలినడకన చూసి, అవి ఎక్కడ కలుస్తున్నాయో కాగితం మీద గీయండి. వీలైతే ఒకటి భూమిలోనుంచి, ఒకటి గాలిలో వైర్‌లెస్ లింకుగా ఉండాలని అడగండి.

సగటుతోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. వంద ఎంబీపీఎస్ లింకు మీద రోజు సగటు 20 అంటే ఖాళీగా ఉందని కాదు. రాత్రంతా సున్నా, ఉదయం పది నుంచి పదకొండు వరకు పూర్తి వంద అయి ఉండవచ్చు. అందుకే ఐదు నిమిషాలకొకటి చొప్పున నెలకు 8,640 కొలతలు తీసుకొని, పై 5 శాతాన్ని, అంటే 432 కొలతలను తీసేసి, మిగిలినవాటిలో పెద్దదానిని చూస్తారు. ఆ 432 కొలతలు కలిపితే 36 గంటలు. అంతసేపు రద్దీని ఓర్చుకోవచ్చా అన్నది మీరు వినియోగదారుడితో మాట్లాడి తేల్చవలసిన సంగతి.

దారుల లెక్క

రూటర్లు దారిని ఎంచుకునే ఓఎస్‌పీఎఫ్ అనే విధానం వెనుక డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1959లో ప్రచురించిన పద్ధతి ఉంది. అందులో కావలసింది కూడికే. ప్రతి లింకుకూ ఖరీదు ఉంటుంది. మామూలుగా 100 ఎంబీపీఎస్‌ను లింకు వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి నేరుగా 10 ఎంబీపీఎస్ లింకు ఉంటే ఖరీదు 10. రాజాం మీదుగా రెండు 100 ఎంబీపీఎస్ లింకులుంటే 1 + 1 = 2. బస్సు ఎక్కేవాడు నేరు దారి పడతాడు, ప్యాకెట్టు రాజాం మీదుగా పోతుంది. గిగాబిట్ లింకుకు ఈ భాగహారం 0.1 ఇవ్వాలి, కానీ ఖరీదు 1 కంటే తగ్గదు. అందువల్ల వందకూ వెయ్యికీ తేడా తెలియకుండా పోతుంది. అందుకే భాగహారంలో పైన ఉండే 100 అనే సంఖ్యను అన్ని రూటర్లలోనూ ఒకేలా పెంచుతారు. పది శాఖలను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 10 × 9 ÷ 2 = 45 లింకులు కావాలి, మధ్యలో ఒక శాఖను కేంద్రంగా పెడితే 9 చాలు.

సాధన ఎలా చేయాలి

రోజుకు అరగంట చాలు, కానీ రోజూ చేయాలి. మొదటి వారం 0 నుంచి 255 మధ్య సంఖ్యలను బిట్లుగా విడగొట్టండి; ఇరవై సంఖ్యలు ఐదు నిమిషాలలో పూర్తయ్యే వరకు ముందుకు వెళ్లకండి. తరువాత రెండు వారాలు మాస్కు లెక్కలే. నాలుగో వారం మీ ఇంటి లైనునే ప్రయోగశాలగా చేసుకోండి: స్పీడ్ ఎంత రావాలో, పింగ్ ఎంత రావాలో ముందు రాసి, తరువాత కొలిచి, తేడాకు కారణం రాయండి. తప్పు లెక్కను కొట్టివేయకుండా దాని పక్కనే సరైనది రాయండి. ఏ రకం తప్పు మళ్లీ మళ్లీ చేస్తున్నారో నెల తరువాత ఆ పుస్తకమే చూపిస్తుంది. వైర్‌లెస్ రూపకల్పనలోకో, గుప్తలేఖన విద్యలోకో వెళ్లదలచినవారికి ఇంతకంటే లోతైన గణితం కావాలి. మొదటి ఉద్యోగానికి దాని కోసం ఆగవద్దు.

ఈ రాత్రి చేయడానికి మూడు లెక్కలు ఇస్తున్నాను. ఒకటి, 10.20.150.77/22 ఏ నెట్‌వర్కులో ఉంది, అందులో ఎన్ని సిస్టంలకు చోటుంది? రెండు, 2 ఎంబీపీఎస్ చొప్పున పంపే ఐదు కెమెరాల రికార్డింగును పదిహేను రోజులు దాచడానికి ఎంత డిస్కు కావాలి? మూడు, +4 డీబీఎంతో బయలుదేరిన వెలుగు 8 కిలోమీటర్ల ఫైబర్, 14 డీబీ నష్టం ఉన్న స్ప్లిటర్, మూడు కనెక్టర్లు దాటి ఇంటి దగ్గర −21.3గా కనిపిస్తే, దారిలో అదనంగా ఎంత వెలుగు పోయింది?

చేసిన తరువాతే ఇక్కడ చూడండి. మొదటిదానికి గుత్తి 4, నెట్‌వర్కు 10.20.148.0, చివరి చిరునామా 10.20.151.255, చోటు 1,022 సిస్టంలకు. రెండోదానికి రోజుకు 108 జీబీ చొప్పున 1.62 టీబీ. మూడోదానికి రావలసింది 4 − 2.8 − 14 − 1.5 = −14.3, అదనపు నష్టం 7 డీబీ. రావలసిన వెలుగులో ఐదో వంతే ఇంటికి చేరుతోంది కాబట్టి, మొదట కనెక్టర్లు తుడిచి, మళ్లీ కొలిచి, అప్పటికీ తగ్గకపోతే మడతల కోసం కేబుల్ వెంట నడవండి.